చూపు పోయిన తమ్మునికి తెలుగు పీడీఎఫ్‌లు ఫోన్ చదువుతలేదు, ఏం కొనాలి?

నల్గొండ_అక్క:

అందరికీ నమస్తే. మా తమ్ముని గురించి అడుగుదామని రాస్తున్న, పోస్ట్ కొంచెం పెద్దగ అయితది, ఏమనుకోకండి. వానికి రెటినైటిస్ పిగ్మెంటోసా, ఆర్‌పీ అంటరు కదా అది. చిన్నప్పుడు చీకటి పడితే తడుముకునేటోడు, రేచీకటి అనుకున్నం, తొమ్మిదో తరగతికొచ్చేసరికి బోర్డు కనపడుడు బందయింది, ఇంటర్‌ల పుస్తకం గూడ పోయింది. ఇప్పుడు కిటికీ ఎటుందో తెలుస్తది, అంతే. సదరం సర్టిఫికెట్ తీసుకున్నం.

ఇంటర్ రెండేండ్లు మా అమ్మనే చదివి వినిపిచ్చింది. అమ్మ చదివింది ఏడో తరగతి, సివిక్స్ పుస్తకంల పెద్ద పెద్ద మాటలొస్తే కూడబలుక్కొని చదివేది, వీడేమో మళ్ళొకసారి చదువమ్మా అని అడగనీకి మొహమాటపడేటోడు. పొయ్యి మీద కూర మాడుతున్నా ఆమె మధ్యల లేవకపోయేది. అట్ల చదివి పాసైండు. ఇప్పుడు బీఏ తెలుగు మీడియం, గ్రూప్-2 రాస్త అంటుండు, పట్టుదల మస్తుంది.

సమస్య ఏందంటే వాని ఫోన్‌ల టాక్‌బ్యాక్, అదే తెర మీదున్నది చదివి వినిపిచ్చేది, పెట్టినం, వాట్సాప్ మెసేజ్‌లు తెలుగుల మంచిగనే చదువుతది, న్యూస్ గూడ చదువుతది. కోచింగ్ సెంటర్ నుంచి తెచ్చిన పీడీఎఫ్ నోట్స్ తెరిస్తే మాత్రం ఏవో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల పేర్లు, నంబర్లు చదువుకుంట పోతది, ఒక్క తెలుగు ముక్క రాదు. ఇంకో పీడీఎఫ్ అయితే పేజీ నంబర్ చెప్పి ఊకుంటది. వాళ్ళనడిగితే మా పీడీఎఫ్ అందరికీ మంచిగనే కనపడుతుంది, మీ ఫోన్ ప్రాబ్లం అన్నరు. ఇక్కడ ఒకాయన పుస్తకం చదివిపెట్టే కళ్ళద్దాలు ఉంటయి అవి కొనండి అంటుండు, రేటు చూస్తే మాకు ఒక పంట పైసలు. నాన్న ఎట్లన్న చేసి కొందామనే అంటుండు గానీ అవి తెలుగు చదువుతయా లేదా ఎవ్వరూ గట్టిగ చెప్తలేరు. అద్దాలు కొనాల్నా, లాప్‌టాప్ కొనాల్నా, వాడిప్పుడు బ్రెయిలీ నేర్చుకోవాల్నా? ఈ వయసుల వస్తదా అది? తెలిసినోళ్ళు చెప్పండి.

తార్నాక_చదువరి:

అమ్మా, ముందు ఆ కళ్ళద్దాల సంగతి ఆపండి, నాన్నగారికి ఇవాళే చెప్పండి తొందరపడి పైసా ఖర్చు పెట్టొద్దని. నాకు పుట్టుకతోనే చూపు లేదు, బ్యాంకులో పని చేస్తున్నాను, రోజంతా కంప్యూటర్ ముందే. మీ తమ్ముడి ఫోన్ బాగానే ఉంది. తేడా అంతా ఆ పీడీఎఫ్‌లో ఉంది.

మన తెలుగు పుస్తకాలు, కోచింగ్ మెటీరియల్ ఇప్పటికీ ఎక్కువగా డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో కొడతారు. ఆ ఫైల్ లోపల ఉండేది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాలు, నెత్తిన గీతలున్న యూరప్ అక్షరాలు, డివైడ్ గుర్తులు ఇలాంటివి ఉంటాయి, ఫాంట్ వాటిని తెలుగు ఆకారంలో చూపిస్తుంది అంతే. కళ్ళున్నవాళ్ళు ఆకారం చూసి చదివేస్తారు. స్క్రీన్ రీడర్, అంటే టాక్‌బ్యాక్ లాంటిది, ఆకారం చూడదు, లోపలున్న కోడ్ తీసుకుని చదువుతుంది, అందుకే మీవాడికి డివైడ్, యూ, అక్యూట్ అని వినపడుతోంది. వాట్సాప్, న్యూస్ సైట్లు యూనికోడ్‌లో ఉంటాయి కాబట్టి అవి శుభ్రంగా చదువుతోంది. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది, ప్రతి అక్షరానికీ సొంత నంబర్ ఉంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా "మా పీడీఎఫ్ అందరికీ కనపడుతుంది" అని చెప్పి పంపించేస్తుంటే నాకు కడుపు మండుతుంది, ఆ అందరిలో మీ తమ్ముడు లేడా?

ఒక చిన్న పరీక్ష చేయండి. పీడీఎఫ్‌లో ఒక మాట మీద వేలు నొక్కి పట్టి కాపీ చేసి, వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగే వస్తే యూనికోడ్. పిచ్చి గుర్తులు వస్తే అను ఫాంట్, లేదా అలాంటిదే ఇంకోటి. అసలు మాట సెలెక్టే కాకపోతే అది స్కాన్, అంటే పేజీ ఫొటో. మీ రెండోది, పేజీ నంబర్ చెప్పి ఆగిపోయేది, స్కానే అయ్యుంటుంది.

అను అయినా స్కాన్ అయినా దారి ఒకటే, ఓసీఆర్ చేయాలి, అంటే బొమ్మని చూసి అక్షరాలుగా మార్చే పని. గూగుల్ డ్రైవ్‌లో పేజీ ఫొటో పెట్టి గూగుల్ డాక్స్‌తో ఓపెన్ చేస్తే తెలుగు టెక్స్ట్‌గా మారుస్తుంది, ఉచితం. అను పీడీఎఫ్‌ని మాత్రం నేరుగా పెట్టకండి, లోపలున్న ఆ చెత్త అక్షరాలే మళ్ళీ బయటికి రావచ్చు, పేజీలన్నీ జేపీజీ ఫొటోలుగా మార్చి అప్పుడు పెట్టండి. వచ్చినదాన్ని చూపున్నవాళ్ళు ఒకసారి సరిచూడాలి, ఇది తప్పనిసరి. ప, వ, ష తారుమారవుతాయి, థ ధ అవుతుంది, ఇవి వాక్యంలో పడితే వినేవాడికి అర్థమైపోతాయి, పెద్ద నష్టం లేదు. అంకెలతోనే ప్రమాదం. పెద్దమనుషుల ఒప్పందం 1956 అని ఉన్నదాన్ని 1958 అని ఇచ్చిందనుకోండి, మీవాడు అదే నమ్మి అదే బట్టీ పడతాడు, పరీక్షలో మార్కు పోతుంది, ఎందుకు పోయిందో కూడా తెలీదు. కాబట్టి సరిచూసేటప్పుడు టైం లేకపోతే కనీసం సంవత్సరాలు, ఆర్టికల్ నంబర్లు మాత్రం ఒక్కోటీ పేజీతో పోల్చి చూడండి. రెండు కాలమ్‌ల పేజీ అయితే రెండు వరుసలు కలిపేసి చదువుతుంది, కాలమ్ కాలమ్ విడిగా కట్ చేసి పెట్టండి.

అద్దాలు కూడా లోపల చేసేది ఇదే ఓసీఆర్. కొనే ముందు మీ తమ్ముడి చేతికిచ్చి, మీ నోట్స్ పేజీ ఒకటి ఆయన ముందే చదివించమనండి. తెలుగు పేజీ, ఇంగ్లిష్ బ్రోచర్ కాదు. చదవకపోతే అక్కడితో అయిపోయింది.

కొనాలనుకుంటే మామూలు లాప్‌టాప్ కొనండి, అందులో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వేయండి. అది పూర్తిగా ఉచితం, ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్, జేమ్స్ టే అని ఇద్దరు చూపులేనివాళ్ళే 2006లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్. దాంతోపాటే వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు చదువుతుంది. మొదట వింటే రోబో మాట్లాడినట్టు ఉండి చిరాకేస్తుంది, కానీ స్పీడ్ పెంచినా మాట చెదరదు, అలవాటయ్యాక నేను అదే వాడతాను. ఫోన్‌లో ఉండే గూగుల్ తెలుగు గొంతు వినడానికి హాయిగా ఉంటుంది, కథలూ న్యూసూ దానితో వినమనండి.

ఇంకొకటి. ఆ టెక్స్ట్‌ని వర్డ్‌లో పెట్టేటప్పుడు చాప్టర్ పేర్లకి హెడ్డింగ్ స్టైల్ పెట్టండి, ఊరికే బోల్డ్ చేసి వదలొద్దు. ఎన్‌వీడీఏలో బ్రౌజ్ మోడ్ ఆన్ చేసి హెచ్ నొక్కితే ఒక్కో హెడ్డింగ్‌కి దూకుతుంది, మీరు పేజీలు తిప్పినట్టు వాడు హెచ్ కొట్టుకుంటూ కావాల్సిన చోటుకి పోతాడు. హెడ్డింగులు లేని పెద్ద ఫైల్ ఇస్తే మొదట్నుంచి వింటూ కూర్చోవాల్సిందే.

వరంగల్_గ్రూప్స్:

అన్న చెప్పినవన్నీ కరెక్ట్. నేనూ లో విజన్, డిగ్రీలోనే చూపు తగ్గింది. బ్రెయిలీ గురించి మాత్రం నా మాట వినండి అక్కా, ఇప్పుడు దాని మీద టైం పెట్టొద్దు. పుట్టుకతో నేర్చుకున్నోళ్ళ వేళ్ళు వేరే, మనకి ఆ స్పీడ్ రాదు, గ్రూప్స్ సిలబస్ సముద్రమంత ఉంటది, ఆడియో డబుల్ స్పీడ్‌లో వింటేనే అయితలేదు ఇంక చుక్కలు తడుముకుంట కూర్చుంటే ఎప్పటికయితది. పోస్ట్ కొట్టినాక తీరిగ్గా నేర్చుకోమను.

కర్నూలు_స్పెషల్_టీచర్:

వరంగల్ తమ్ముడూ, సిలబస్ మొత్తం బ్రెయిలీలో చదవమని ఎవరూ చెప్పరు, నేనూ చెప్పను. కానీ పూర్తిగా వద్దు అంటే ఒప్పుకోలేను. నేను చూపులేని పిల్లలకి చదువు చెప్తాను, చెవితో మాత్రమే చదివిన పిల్లలు బ్రహ్మాండంగా మాట్లాడతారు, సొంతంగా నాలుగు లైన్లు రాయమంటే చేతులు ఎత్తేస్తారు. ఒత్తు ఎక్కడ, దీర్ఘం ఎక్కడ, శ నా ష నా అన్నది వినికిడిలో జారిపోతుంది. నల్గొండ అమ్మాయి తమ్ముడికి ఒక లాభం ఉంది, ఇంటర్‌కి వచ్చేదాకా పుస్తకం కళ్ళతోనే చదివాడు, తెలుగు అక్షరాలన్నీ ఆకారంతో సహా మనసులో ఉన్నాయి. అవి చెరిగిపోకముందే వేళ్ళకి అందించాలి.

భారతి బ్రెయిలీ అంత భయపడాల్సింది ఏం కాదు. ఆరు చుక్కలు, మొత్తం 63 ఆకారాలు. మన దేశ భాషలన్నిటికీ 1951 నుంచి దాదాపు ఒకే పద్ధతి, తెలుగు క కి, హిందీ క కి, ఇంగ్లిష్ కె కి కూడా అవే రెండు చుక్కలు, ఒకటోది, మూడోది. గుణింతం గుర్తు అక్షరం పక్కన విడిగా వస్తుంది, ఒత్తు కింద వేలాడదు, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. పెద్దవాళ్ళకి కష్టం అక్షరాలు గుర్తుపెట్టుకోవడంలో కాదు, వేలి కొసకి చుక్కలు విడివిడిగా తెలియడానికి నెలలు పడుతుంది, అదే కష్టం. మొదట్లో గట్టిగా నొక్కి తడుముతారు, అప్పుడు ఏమీ తెలీదు, వేలు తేలిగ్గా ఆనించి పక్కకి జరపాలి. రోజూ కాసేపు, అంతే, పరీక్షల చదువు ఆపక్కర్లేదు. తన పేరు, ఊరు పేరు, వంటింట్లో డబ్బాల మీద లేబుళ్ళు, మందుల పెట్టె మీద పేరు, ఇలా మొదలుపెట్టించండి. పలక, స్టైలస్‌తో రాసేటప్పుడు కాగితం వెనకనుంచి పొడుస్తాం కాబట్టి కుడి నుంచి ఎడమకి రాయాలి, అది ఎవరైనా దగ్గర కూర్చుని చూపించాలి. హైదరాబాద్ పోగలిగితే ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో రీహాబిలిటేషన్ సెంటర్ ఉంది, అక్కడ అడగండి, కర్ర పట్టుకుని నడవడం కూడా నేర్పిస్తారు. మీరు రాయలేదు కానీ కాలేజీకి ఒక్కడే వెళ్ళగలుగుతున్నాడా? అది కూడా చదువంత ముఖ్యం అమ్మా.

బెజవాడ_డీటీపీ:

నేను డీటీపీ ఫీల్డ్‌లో ఉన్నానండి, ఇక్కడ మా వైపు మాట కూడా చెప్తాను. అను ఎందుకు వదలట్లేదంటే మా చేతులు యాపిల్ కీబోర్డ్ లేఅవుట్‌కి అలవాటు పడిపోయాయి, అచ్చులో ఫాంట్లు అందంగా వస్తాయి, పాత పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు పని చెయ్యదు, పైగా పాత ఎడిషన్లన్నీ అందులోనే ఉన్నాయి, మార్పులు చేసి మళ్ళీ ప్రింట్‌కి ఇస్తాం. చూపులేనివాళ్ళకి ఇంత ఇబ్బంది అని మా ఫీల్డ్‌లో చాలామందికి తెలీదండి, ఎవరూ మాకు చెప్పలేదు.

మీకు పనికొచ్చే మాట ఏంటంటే, పీడీఎఫ్ నుంచి ఓసీఆర్ చేసేకన్నా అసలు పేజ్‌మేకర్ ఫైల్ గానీ, అందులోంచి తీసిన టెక్స్ట్ గానీ దొరికితే అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, నిమిషాల్లో పని అయిపోతుంది, తప్పులు కూడా ఓసీఆర్ కన్నా బాగా తక్కువ, అంకెలైతే అసలు మారవు. కోచింగ్ వాళ్ళని కాకుండా ఆ పుస్తకం కంపోజ్ చేసిన డీటీపీ ఎవరో కనుక్కోండి, పుస్తకం మొదటి పేజీల్లో ఒక్కోసారి ఉంటుంది. కాకపోతే ఓనర్ ఒప్పుకోకుండా మేం ఫైల్ ఇవ్వలేమండి, బయటికి పోతే వాళ్ళ బిజినెస్ పోతుందని భయం. ఆయన్ని ఒప్పించి రండి, మిగతాది ఏ డీటీపీ వాడైనా చేసి పెడతాడు.

తార్నాక_చదువరి:

డీటీపీ అన్నా, మీరు ముందుకొచ్చి రాసినందుకు చాలా సంతోషం. ఓనర్ భయం గురించి ఒక మాట, కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించినప్పుడు 52వ సెక్షన్‌లో దీని కోసమే ఒక మినహాయింపు పెట్టారు, వికలాంగులు చదువుకోవడానికి వీలయ్యే రూపంలోకి పుస్తకాన్ని మార్చి, లాభం చూసుకోకుండా వాళ్ళకి ఇవ్వడం నేరం కాదు. చూపులేనివాళ్ళ పుస్తకాల కోసం 2013లో మరాకేష్ ఒప్పందం అని అంతర్జాతీయంగా ఒకటి కుదిరింది, దాన్ని అందరికన్నా ముందు, 2014లో, ఆమోదించింది మన దేశమే. కాబట్టి అమ్మా, కోచింగ్ వాళ్ళ దగ్గరికి బతిమాలడానికి వెళ్ళినట్టు వెళ్ళకండి. ఫీజు కట్టారు, అందరికీ ఇచ్చిన మెటీరియలే మీ తమ్ముడు చదవగలిగే రూపంలో అడుగుతున్నారు. సదరం సర్టిఫికెట్ కాపీ జత చేసి, ఫైల్ ఇంకెవరికీ ఇవ్వమని రాసిచ్చి, లెటర్ పెట్టండి. నోటి మాటకి అవునంటారు, తర్వాత ఫోన్ ఎత్తరు.

సుగమ్య పుస్తకాలయ అని ఒక ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, కేంద్రం 2016లో మొదలుపెట్టింది, డైసీ ఫోరం ఆఫ్ ఇండియా నడుపుతుంది, చూపులేనివాళ్ళకి సభ్యత్వం ఇస్తారు. ఇంగ్లిష్, హిందీ పుస్తకాలతో పోలిస్తే తెలుగు తక్కువే కానీ ఉన్నవి తీసుకోవచ్చు.

నల్గొండ_అక్క:

మీ అందరికీ ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. తార్నాక అన్న చెప్పిన కాపీ పేస్ట్ పరీక్ష చేసిన. పాలిటీ నోట్స్, తెలంగాణ ఉద్యమం నోట్స్ రెండూ అనునే, పేస్ట్ చేస్తే ఏవేవో గుర్తులొచ్చినయి. ఎకానమీది స్కాన్. ఉద్యమం నోట్స్‌ల ఒక పేజీ ఫొటో తీసి డ్రైవ్‌ల పెట్టి మార్చిన, 1969 ఉద్యమం పాఠం మొదటి పేజీ అది. తమ్ముడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని విన్నడు, ఆపుకుంట, వెనక్కి పోయి మళ్ళ మళ్ళ వినుకుంట కూసున్నడు. ఎన్నిసార్లు వెనక్కి పోయినా ఎవ్వరినీ అడిగే పని లేదక్కా అన్నడు. అమ్మ పక్కనే ఉన్నది, ఆమెకు నేను వేరేగ చెప్పాల్సిన అవసరం రాలే.

కళ్ళద్దాల ఆయనను తెలుగు పేజీ చదివిచ్చి చూపియ్యమన్న, మళ్ళొస్త అని పోయిండు, రాలే. నాన్న లాప్‌టాప్‌కు సరే అన్నడు.

టీచర్ మేడమ్, మీరడిగింది నిజమే, కాలేజీకి దోస్తు బండి మీద పోతడు, ఒక్కడే పోడు. కర్ర పట్టుకొని పోతే ఊర్ల అందరూ చూస్తరని సిగ్గుపడుతుండు. నెమ్మదిగ మాట్లాడుత. ఇంకొకటి అడగాలె, వాడు తెలుగు టైపింగ్ ఎట్ల చెయ్యాలి? వాయిస్ టైపింగ్ చేస్తడు గానీ క్లాసుల అందరి ముందట నోట్స్ మాట్లాడుకుంట రాసుకోలేడు కదా. పరీక్షల మనం చెప్తే రాసిపెట్టే స్క్రైబ్ సంగతి గూడ కొంచెం చెప్పండి.

తార్నాక_చదువరి:

టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ నేర్పించండి, విండోస్‌లోనే ఉంటుంది, లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు కలిపితే చాలు. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉంటాయి. కె కొడితే క, ఎల్ కొడితే త, డి కొడితే పొల్లు. క్త కావాలంటే కె, డి, ఎల్, అంతే. ఒక్కో మీట కొడుతుంటే ఎన్‌వీడీఏ అక్షరం చెప్తుంది కాబట్టి తప్పు పడితే అక్కడే తెలిసిపోతుంది. ఎఫ్, జె మీటల మీద చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి, చూపుడు వేళ్ళు వాటి మీద పెట్టి మొదలుపెట్టమనండి. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించే పద్ధతుల్లో లిస్ట్‌లోంచి సరైన మాట ఎంచుకోవాలి, మనకి అది విసుగు. స్పెల్లింగ్ గురించి టీచర్ గారు చెప్పిన భయం కూడా దీంతో కొంత తీరుతుంది, ఒత్తు తానే కొట్టాలి కదా.

కర్నూలు_స్పెషల్_టీచర్:

స్క్రైబ్ గురించి: కేంద్రం ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం గంటకి కనీసం 20 నిమిషాలు అదనపు టైం ఇవ్వాలి. స్క్రైబ్‌ని సొంతంగా తెచ్చుకోవాలా, వాళ్ళే ఇస్తారా, స్క్రైబ్ చదువు ఎంత ఉండాలి అన్నది ప్రతి నోటిఫికేషన్‌లో రాస్తారు, అప్లికేషన్ నింపే రోజే ఆ కాలమ్ చూసి టిక్ పెట్టాలి, చాలామంది పిల్లలు ఇక్కడే నష్టపోతున్నారు. గ్రూప్-2 ఆబ్జెక్టివ్ కాబట్టి మీవాడికి రాసేవాడికన్నా చదివేవాడు ముఖ్యం. "కింది వాక్యాల్లో సరైనవి ఏవి" అని నాలుగు వాక్యాలు, నాలుగు ఆప్షన్లు ఉండే ప్రశ్న ఒకసారి విని బుర్రలో పెట్టుకోవడం తేలిక కాదు. ఇంట్లో మాక్ టెస్ట్ పెట్టినప్పుడు మీ గొంతుతోనే కాకుండా వేరేవాళ్ళతో, కాస్త తడబడుతూ చదివేవాళ్ళతో కూడా చదివించండి, "రెండో వాక్యం మళ్ళీ చదవండి" అని ఆపి అడగడం అలవాటవ్వాలి. మీరు ముందే రాశారు కదా, అమ్మని రెండోసారి అడగడానికి మొహమాటపడేవాడని. పరీక్ష హాల్లో ఆ మొహమాటం పనికిరాదు.

లాప్‌టాప్ కొనే ముందు జిల్లాలో వికలాంగుల సంక్షేమ శాఖ ఆఫీసుకి ఒకసారి వెళ్ళి స్టూడెంట్లకి ఏమన్నా ఇస్తున్నారా అడగండి, సదరం, యూడీఐడీ కార్డ్ (వికలాంగుల గుర్తింపు కార్డు), కాలేజీ బోనఫైడ్ పట్టుకెళ్ళండి. ఇచ్చేదాకా చదువు ఆపొద్దు, ఈలోపు ఫోన్‌తో నడిపించండి.

బెజవాడ_డీటీపీ:

నల్గొండ అమ్మాయిగారూ, ఆ ఉద్యమం నోట్స్ ఓనర్ ఒప్పుకుంటే టెక్స్ట్ నాకు మెసేజ్‌లో పంపండి, యూనికోడ్‌లోకి మార్చి, తార్నాక గారు చెప్పినట్టు హెడ్డింగ్ స్టైల్స్ పెట్టి వర్డ్ ఫైల్ ఇస్తాను, డబ్బులేం వద్దు. పీడీఎఫ్ చెయ్యను, యూనికోడ్‌లో ఉన్నా కూడా పీడీఎఫ్‌లోకి వెళ్ళాక ఒత్తులు ఒక్కోసారి గల్లంతవుతాయి. టేబుల్స్ ఉన్న పేజీలు ఏవో విడిగా చెప్పండి, వాటిని వాక్యాలుగా విడగొట్టాలా, టేబుల్‌గానే ఉంచాలా అన్నది మీ తమ్ముణ్ణి అడిగి చెప్తే అలాగే చేస్తాను.

నల్గొండ_అక్క:

అన్నా, చాలా థ్యాంక్స్. రేపు లెటర్ తీస్కొని పోతున్నం, తమ్ముడే మాట్లాడుత అంటుండు. టేబుల్స్ సంగతి అడిగిన, సంవత్సరం, సంఘటన పక్కపక్కన ఉండే చిన్న టేబుల్స్ వాక్యాలు చెయ్యమన్నడు, మూడు కాలమ్‌ల కన్నా ఎక్కువుంటే టేబుల్‌గనే ఉంచమన్నడు, ఎన్‌వీడీఏల గడి గడికి పోవుడు నేర్చుకుంటడట.